బోర్డు మీద పుట్టిన మా అన్న

పొద్దున్నే చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోను తెరిస్తే ముందుగా కనబడేది, చరిత్రలో ఈ రోజు ఏం జరిగిందన్న సందేశమే. ఏ రాజు ఎప్పుడు గద్దెనెక్కాడో, ఏ యంత్రాన్ని ఎవరు కనిపెట్టారో ఒకరికొకరు పంపుకుంటూనే ఉంటారు, చదివేవాళ్ళు ఎందరో మాత్రం ఆ పైవాడికే తెలియాలి. ఇవాళ ఏప్రిల్ పంతొమ్మిది, మన దేశపు తొలి ఉపగ్రహం ఆర్యభట్ట ఆకాశానికి వెళ్ళిన రోజని నాతోపాటు పనిచేసి రిటైరైన మిత్రుడొకడు పంపాడు. దాని కిందే, మా ఇంటివాళ్ళ గ్రూపులో, మా అన్న ఫోటో చుట్టూ బెలూన్లు, పక్కన కేకు బొమ్మ పెట్టి తాతకు పుట్టినరోజు శుభాకాంక్షలని అన్న మనవరాలు పంపింది. ఆ వెనకే కోడళ్ళూ అల్లుళ్ళూ పిల్లలూ దండాల బొమ్మలు, పువ్వుల బొమ్మలు వరసగా పెట్టారు. నేనూ ఒక పువ్వు పంపి ఫోను బోర్లించాను. మా అన్న పుట్టింది ఇవాళ కాదు, పోయింది ఇవాళ. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇంట్లో ఇద్దరమే మిగిలాం, నేనూ మా వదినా.

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా రోడ్డుకు రెండు పక్కలా పొగగొట్టాలు లేస్తున్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. పాశమైలారం పక్కన మా చెలక భూములు ఫ్యాక్టరీల కిందికి పోయాయి, బదులుగా ఇంట్లో ఇద్దరికి నౌకరీలు వచ్చాయి. ఒంట్లో బలమున్న అన్న మందులు ఉడికించే రియాక్టరు దగ్గరికి పోయాడు, పదో తరగతి గట్టెక్కిన నేను గేటు పక్కన టైమాఫీసులో కూర్చున్నాను. నా చేతిరాత గుండ్రంగా ఉందని ఆఫీసరు గారు గేటు దగ్గరి నల్లబోర్డు నాకు అప్పగించి, రోజూ ‘చరిత్రలో ఈ రోజు’ అని ఒక ముక్క రాయమన్నారు. పేపరులో చూసి కొన్ని, పోటీ పరీక్షల పుస్తకంలో చూసి కొన్ని రాసేవాణ్ణి. హాజరు కార్డు గుద్దడానికి వరసలో నిలబడ్డవాళ్ళు అది చదివేవాళ్ళు, చదువు రానివాళ్ళకు వెనకవాళ్ళు చదివి వినిపించేవాళ్ళు. నిజం చెప్పాలంటే అప్పట్లో నాకు అదో పెద్ద హోదా.

రాయడం మొదలుపెట్టిన కొత్తల్లోనే, మంచుకొండకు తగిలి పెద్ద ఓడ మునిగిన రోజని ఒకనాడు రాశాను. ఆ పూటే పంపు దగ్గర పనిచేసే ఒకాయన వేలు నలిగింది. వేలికీ ఓడకూ ఏం సంబంధమని మీరు అడగవచ్చు, నేనూ అడిగాను. కానీ షిఫ్టులో పెద్దవాళ్ళంతా వచ్చి నా కిటికీ దగ్గర నిలబడ్డారు. “పొద్దుగాల లోపలికి పోయెటోళ్లం, సావుల ముచ్చట మా మొకాన రాయకు తమ్మీ. మంచియే రాయి” అన్నారు. ఇంట్లోంచి బయలుదేరేవాడికి ఎదురుగా తుమ్మకూడదన్నట్టే ఇదీ ఒక పట్టింపు. ఆఫీసరు గారికైతే రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది, ఆయనా అదే ఖాయం చేశారు. అప్పటినుంచి మా బోర్డు మీద అందరూ పుట్టడమే గాని పోవడం లేదు. జాతిపిత అక్టోబరు రెండున పుట్టాడే తప్ప జనవరి ముప్పైన పోలేదు. డిసెంబరు మూడు వచ్చిందంటే, అది మన తొలి రాష్ట్రపతి పుట్టినరోజని రాసేవాణ్ణి. ఆ తేదీ మీద భోపాల్ అనే ఊరు ఉందన్నది మాకు తెలియనట్టే, వాళ్ళు చదివేవాళ్ళు, నేను రాసేవాణ్ణి.

మా ఇంట్లోనైతే అసలు తేదీలే లేవు. అన్న ఎప్పుడు పుట్టాడని మా అమ్మనడిగితే చెరువు తెగిన ఏడు అనేది, ఏ చెరువంటే కోప్పడేది. బడిలో పంతులు గారు తనకు తోచిన తేదీ వేసుకున్నారు. ఇక పోయినవాళ్ళకు విడివిడిగా దినాలు పెట్టే ఆనవాయితీ మాలో లేదు. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, అదే పెత్రమాసనాడు, ఇంట్లో పోయినవాళ్ళందరి పేరు మీదా ఒక్కసారే అయ్యగారికి బియ్యం ఇచ్చి దండం పెట్టుకుంటాం. అందులో తాతా ఉంటాడు, ముత్తాతా ఉంటాడు. మంచి పద్ధతే, ఎవరినీ మరిచిపోయే భయం లేదు, కానీ ఎవరికీ తమదంటూ ఒక రోజు ఉండదు.

ఆ ఏప్రిల్ పంతొమ్మిదిన కూడా నేను ఆర్యభట్ట గురించే రాశాను. అన్న కార్డు గుద్దుకుని, బోర్డు చదివి నవ్వాడు. “గాళ్లేమో ఆకాశానికి పోయిన్రు, మాకేమో ఇయ్యాల గుంతల దిగుడు” అన్నాడు. గుంత అంటే ఫ్యాక్టరీలో వాడిన నీళ్ళన్నీ చేరే లోతైన ట్యాంకు, ఆ పూట దాన్ని కడగాలి. ఒడిశా నుంచి వచ్చిన కార్మికుడొకడు ముందు దిగి, లోపలి గాలికి తట్టుకోలేక కూలబడ్డాడు. తాడో, గాలి పీల్చే ముసుగో తెచ్చేదాకా ఆగే మనిషి కాదు మా అన్న. దిగాడు, వాణ్ణి భుజాన వేసుకుని పైవాళ్ళ చేతికందించాడు, తను మళ్ళీ ఎక్కలేకపోయాడు. గుండె ఆగిందని కంపెనీవాళ్ళు చెప్పారు. గుండె అన్నాక ఆఖరున ఎవరిదైనా ఆగేదే. ట్యాంకు మాట మాత్రం ఎవరి నోటా రాలేదు, మర్నాటి నుంచి మూడు షిఫ్టులూ ఎప్పటిలాగే నడిచాయి. అన్న కొడుకు అప్పటికి ఇంకా పలక పట్టలేదు. వదినకు గేటు దగ్గర ఊడ్చే పని ఇచ్చారు.

ఏడాది తిరిగి అదే తేదీ వచ్చింది. ఆ ఏడాదంతా నా మనసులో ఒకటే పట్టుదల, ఈ రోజు మా అన్న ఈ గోడల మధ్యనే పోయాడని బోర్డు మీద ఒక్క పూట కనబడాలి. ఇంకెక్కడా అది లేదు మరి. ముందురోజే ఆఫీసరు గారిని అడిగితే, చరిత్ర వేరు సొంత విషయాలు వేరు అన్నారు. ఆయన మాటకు నేను బాధపడలేదు. అన్నను ట్యాంకులోంచి తమ చేతులతో మోసుకొచ్చిన పెద్దవాళ్ళు కూడా, తలలు వంచుకునే అయినా, వద్దనే అన్నారు చూడండి, అది బాధించింది. చెడ్డవాళ్ళు కారు, అదే ట్యాంకు పక్కకు రోజూ పోవలసినవాళ్ళు. మొదటి షిఫ్టు వచ్చే వేళకు నేను సుద్దముక్క పట్టుకుని ఖాళీ బోర్డు ముందు నిలబడి ఉన్నాను. చీపురు పక్కన పెట్టి వదిన వచ్చింది.

“ఏంది మరిదీ, గట్లనే నిలవడ్డవ్?”

చెప్పాను. పోయినవాళ్ళను రాయకూడదట వదినా, పుట్టినవాళ్ళనే రాయాలట. ఆమె బోర్డు వైపు చూసింది. చదువు రాదు ఆమెకు, ఆ ఖాళీ బోర్డులో ఏం చూసిందో మరి.

“మీ అన్న పుట్టిన దినం ఎవలకెరుక? ఇయ్యాలనే పుట్టిండని రాయి. ఎవలు కాదంటరో సూస్త.”

రాశాను. మన రియాక్టరు ఆపరేటరు ఫలానా పుట్టినరోజు అని, అన్న పేరు కింద రాసిన ఆర్యభట్ట కంటే పెద్ద అక్షరాలతో రాశాను. ఆఫీసరు గారు కారు ఆపి చదివి, అద్దం ఎక్కించుకుని లోపలికి పోయారు. వరసలో ఉన్నవాళ్ళలో ఒకరు చదివి వినిపించారు, ఆ తరవాత ఒక్కొక్కరే కార్డు గుద్దుకుని పనికి కదిలారు. అన్న ప్రాణం పోసిన ఆ ఒడిశా మనిషి మాత్రం బోర్డు ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మధ్యాహ్నం జిలేబీ కొనుక్కొచ్చి, భాయ్ కా జనమ్‌దిన్ అంటూ అందరి చేతుల్లో పెట్టాడు.

అలా అది ఆనవాయితీ అయింది. ఏటా రాసేవాణ్ణి, అతను సొంతూరికి వెళ్ళిపోయేదాకా ఏటా జిలేబీ తెచ్చేవాడు. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే రిటైరయ్యారు, కొత్తగా వచ్చినవాళ్ళు వదినకు శుభాకాంక్షలు చెప్పేవాళ్ళు, ఆమె తల ఊపి తీసుకునేది. ఎదిగి వచ్చిన కొడుకు కూడా అది తండ్రి పుట్టినరోజే అనుకున్నాడు, మేమిద్దరం కాదనలేదు. ఇన్నేళ్ళుగా ఆ అబద్ధాన్ని మోసి మోసి నాకు ఓపిక అయిపోయింది, అలాగని దించడానికీ చేతులు రాలేదు. అది కూడా లేకపోతే ఆ తేదీయే ఉండేది కాదు కదా.

సాయంత్రం అన్న కొడుకింట్లో కేకు కోస్తారని పిలిస్తే వెళ్ళాను. అన్న మనవరాలు ఇప్పుడు గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తోంది, చేరి ఎక్కువ కాలం కాలేదు. కేకు ముక్క నా చేతిలో పెడుతూ, ఇన్నేళ్ళలో ఎవరూ అడగని మాట అడిగింది.

“చిన్నతాతా, తాత పుట్టింది ఇయ్యాల. మరి పోయింది ఏనాడు? నాన్ననడిగితే యాదికి లేదంటడు.”

నేను వదిన వైపు చూశాను. ఆమె నా వైపు చూడకుండా మనవరాలికే చెప్పింది.

“ఇయ్యాలనే బిడ్డా.”

“పుట్టిననాడే పోయిండా నానమ్మా?”

“కాదు. పోయిననాడే పుట్టిండు. జెర గిట్ల కూసో, చెప్త.”

చెప్పింది. ట్యాంకు, అందులోని వాసన, ముసుగు లేకుండా దిగడం, గుండె ఆగిందన్న మాట, బోర్డు, జిలేబీ, అన్నీ చెప్పింది. చివర్లో, నీ పక్కనున్నోడు పడ్డా సరే ముసుగు లేకుండ దిగకు బిడ్డా అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకుంది. అన్న కొడుకు గోడకు ఆనుకుని మొదటిసారి తండ్రి చావు విన్నాడు. కేకు సగంలోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ గేటు దగ్గర నల్లబోర్డు లేదు, ఎర్ర అక్షరాలు పరుగెత్తే కరెంటు బోర్డు పెట్టారు, అదేం చెబుతోందో నిలబడి చదివే తీరిక ఎవరికీ లేదు. చరిత్ర అంతా ఫోనులోకి వచ్చి పడింది, వేలితో తోస్తే పైకి పోతుంది. ఇంటికొచ్చి పడుకుందామంటే నిద్ర రావడం లేదు. రేపు ఏప్రిల్ ఇరవై, ఆ రోజు ఏం జరిగిందో ఒకప్పుడు అడిగితే చూడకుండా చెప్పేవాణ్ణి, ఇప్పుడు ఎంత తడుముకున్నా గుర్తు రావడం లేదు. రేపు మనవరాలికి మొదటి షిఫ్టు అన్నది మాత్రం గుర్తుంది.