గడప దాకా తారు రోడ్డు

కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరు ఏలియా సినిమా హాలు నుంచి బయటికి రాగానే చేసే మొదటి పని, చిరిగిన టికెట్టు ముక్కను వెలుతురుకు పట్టి చూడడం. దాని మీద ధర కింద వినోదపు పన్ను ఎంతో అచ్చయి ఉంటుంది. సినిమా ఎంత చెత్తగా ఉన్నా ఆ అంకె చూస్తే ఆయన ఛాతీ ఉబ్బుతుంది. ముక్కను మడిచి బిస్కెట్ల డబ్బాలో దాస్తాడు. రాష్ట్ర బడ్జెట్ రోజున హోటల్ రేడియో ముందు కూర్చుని, "జర సప్పుడు చెయ్యకుండ్రి, మన పైసలు ఎటు పెడతాండ్లో విననియ్యుండ్రి" అంటాడు.

సినిమాలు పాపమని ఆయన భార్య సారమ్మ నమ్మకం. ఎనభై మూడు ఎండాకాలంలో తారు రోడ్డు వాళ్ల వీధిలోకి వచ్చి, సరిగ్గా వాళ్ల ఇంటికి నాలుగు గజాల ముందు ఆగిపోయింది. ఏలియా డబ్బా తీసుకెళ్లి, ఇంత పన్ను కట్టానంటూ రోడ్డు పని చూసే ఓవర్సీయరు ముందు బోర్లించాడు. ఆయన నవ్వి, "పన్ను ఎంతొస్తే బడ్జెట్ అంత, బడ్జెట్ ఎంతుంటే తారు అంత. ఇంకో నాలుగు సినిమాలు సూడు పెద్దమనిషీ, నీ గడప దాకా వస్తది" అన్నాడు. అది ఎగతాళని ఏలియాకు తెలుసు. అయినా ఇంటికెళ్లి సారమ్మకు ఆ మాటే గంభీరంగా చెప్పాడు. వానాకాలమంతా బిందెతో ఇంటి ముందు బురదలో జారేది ఆమే మరి. ఆదివారం ప్రార్థన కాగానే ఆమె బైబిలు సంచిలో పెట్టుకుని, "నేను సినిమాకొస్తలేను, రోడ్డుకొస్తాన" అని మరీ చెప్పి బయల్దేరింది. హాల్లో మూడు గంటలు ఏడ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ బయటికొచ్చి, తన టికెట్టు ముక్కను తానే వెలుతురుకు పట్టి చూసుకుంది.

"రోడ్డు సరే, నీళ్లు పోను మోరీ గూడ కట్టియ్యాలె గదా. రేపు ఏం ఆట ఉన్నది?"