లోహిత గొంతు

ఏర్పేడులో తాను పనిచేసే చిప్పుల ల్యాబులో లోహిత ఎవరితో మాట్లాడినా ముందు పెదాలు కదులుతాయి, గొంతు తర్వాత వస్తుంది. ఒక్కోసారి రానే రాదు. నగరిలో మరమగ్గాల మోత మధ్య పెరిగిన వాళ్లకు ఆ అలవాటు చావదు. అక్కడ మాటంటే పెదాలే. ఆ మోతే ఆమె నాయన చిన్నబ్బ చెవులు రెండూ తినేసింది. ఆయన కోసమని ఎవరికీ చెప్పలేదు గానీ, చెవి మిషను చిప్పులో ఒక్క వోల్టు లోపే నడుస్తూ సన్నటి శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయరును, స్క్రీన్ మీద గీసిందే గీస్తూ, మెడ రుద్దుకుంటూ ఏళ్ల తరబడి తయారుచేసింది. చిప్పు చేతికొచ్చిన ఆదివారం ఇంటికెళ్లి, మగ్గాలు ఆపించి, ఆయన చెవిలో ఆ చిప్పున్న మిషను పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"నాయనా, ఇనపడతా ఉండాదా?"

"గుళ్లో గంట మాదిరి ఇనపడతా ఉండాది పాపా!" అన్నాడు చిన్నబ్బ, కళ్లనిండా నీళ్లతో.

లోహిత నవ్వబోయింది. పక్కనే బియ్యం చెరుగుతున్న తల్లి నాగరత్నమ్మ చేట ఆపింది. "మగ్గాలు ఆపినాము గదమ్మా, ఇంకా ఊరికే పెదాలాడిస్తావేంది? గొంతిప్పి అడుగు."

లోహిత చెయ్యి గొంతు మీదికి పోయింది. చిన్నబ్బ ఆమె పెదాలకేసే చూస్తూ ఇంకా తల ఊపుతున్నాడు.