వకీలు సారు చాయ్

అల్లం చాయ్ వాసన తగిలితే నాకు పాల్మాకులలోని మా ఇంటి వాకిలి గుర్తొస్తుంది. ఊరి దగ్గర విమానాశ్రయం వచ్చి భూముల ధరలు పెరిగాక, మా నాయనమ్మ చేను తమదేనని దాయాదులు కోర్టుకెక్కారు. ఆమె సాక్ష్యం చెప్పాల్సిన రోజుకు ముందురోజు మా వకీలు సారు ఇంటికొచ్చి, ఆమెకు ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు.

"ఆ చేను నువ్వెన్నడు సాగు చెయ్యలే. అబద్ధం చెప్తున్నవ్ కదా?" అన్నాడు.

"గట్లంటవేంది సారూ?" నాయనమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆయన అదే మాట ఇంకా గట్టిగా అడిగాడు. మా నాన్న, మేం బాపు అంటాం, పక్కనే కూర్చుని చూస్తున్నాడు. సారు దాయాదుల దిక్కు మారిపోయాడనుకున్నాను. ఆయన ముందున్న చాయ్ గ్లాసు తీసుకెళ్ళి పెరట్లో పారబోశాను.

"ఏందే గా పని?" బాపు కసిరాడు.

"నాయనమ్మను ఏడిపిస్తుండు. ఆయనకు మన చాయెందుకు?"

సారు మళ్ళీ ప్రశ్న అందుకున్నాడు.

మర్నాడు కోర్టులో బాపు పక్కన కూర్చున్నాను. అవతలి వకీలు అచ్చం అదే మాట అడిగాడు. నాయనమ్మ గొంతు వణకలేదు.

"చేసిన సారూ. ఎడ్ల పేర్లు గూడ చెప్పాల్నా?" అంది.

ఇప్పుడు నేనూ భూముల కేసులు చూసే వకీలునే. విచారణకు ముందు సాక్షుల ఇళ్ళకు వెళ్ళి అలాంటి ప్రశ్నలే అడుగుతాను. కాకపోతే, ఇచ్చిన చాయ్ మొత్తం తాగాకే మొదలుపెడతాను.