ఎర్ర గుర్తున్న చెట్లూ, మా ఫోర్‌మనూ

మా ఫోర్‌మన్ పోయాడని బహ్రెయిన్‌లో మా లేబర్ క్యాంపులో అందరికంటే ముందు తెలిసింది నాకే. ఛాతీలో నొప్పని ఆస్పత్రికి తీసుకెళ్తే తోడు వెళ్ళింది నేనే కదా. తిరిగొచ్చి గది గదికీ వెళ్ళి చెప్పాను. ఒక్కడూ నమ్మలేదు. మా నిజామాబాద్ వంటాయన గరిటె చూపించి, "ఎల్లు రా బై, పొద్దుగాల్నే నీ పరాచికాలు. మొన్న గేటు కాడ ఎవరో బిర్యానీ పంచుతుండ్రని అందర్ని ఉరికిచ్చినవ్, యాదికుందా?" అన్నాడు. "బిర్యానీ అబద్ధమే అన్నా, ఇది నిజం" అంటే ఇంకా నవ్వాడు. ఆయన నవ్వు చూసి నాకూ కాస్త నవ్వొచ్చింది. ఏడవాల్సిన వాణ్ణి ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలియదు. కంపెనీ మనిషి వచ్చి చెప్పాక గానీ వంటాయన గరిటె కింద పెట్టలేదు.

అరాద్‌లో ఫోర్‌మన్ వెళ్ళే తెలుగు ప్రార్థన కూటం వాళ్ళు వచ్చి ప్రార్థన చేశారు. పాస్టరుగారు చాలా మంచి మాటలు చెప్పారు. "మన సహోదరుడు మాట తక్కువ మనిషి" అన్నారు. అందరూ తల ఊపారు. నేను సగం ఊపి ఆపేశాను. అక్కడ మొదలైంది నా గజిబిజి.

బాడీ ఇంటికి చేరి, సమాధి కార్యక్రమం అయిపోయాక ఫోర్‌మన్ వాళ్ళావిడ ఫోన్ చేసింది. నేను వదినె అంటాను. "తమ్ముడూ, నిన్నొకటి అడుగుతాను. ఎకసెక్కాలు ఆడకుండా చెప్పు. ఆయన అక్కడ ఎప్పుడైనా నవ్వేవోరా? మా దగ్గర ఎప్పుడూ నవ్వలేదు. మేమంటే ఇష్టం లేకో, నవ్వే రాదో, నాకు తెలవట్లేదు" అంది.

ఎవరేమన్నా ఠక్కున జవాబిచ్చే నోరు నాది. ఆ పూట పని చేయలేదు. "రేపు చేస్త వదినె" అని పెట్టేశాను. ఆ రేపటిలోగా నాలో నేను తిప్పుకున్నవే ఈ నాలుగు ముక్కలు. ఏడో తరగతి దాటని వాణ్ణి, వరస తప్పితే సర్దుకోండి.

సల్మాబాద్‌లో ఇనుప సామాన్లు చేసే మా షెడ్డుకి ఆయన ఫోర్‌మన్. గోదావరి జిల్లా మనిషి. పొద్దున పదండని "యల్లా" అనేవాడు, సాయంత్రం అయిపోయిందని "ఖలాస్" అనేవాడు. మధ్యలో అంతా వేళ్ళతోనే. వేలు పైకి చూపిస్తే ఎత్తమని, అరచెయ్యి చూపిస్తే ఆగమని. ఇంటికి ఫోన్ చేసినా అంతే. "తిన్నారా? పిల్లలు బావున్నారా? సరే, ఉంటా."

నేను ఆయన్ని నవ్వించాలని చేయని పని లేదు. ఒకసారి హెల్మెట్‌లో ఉల్లిగడ్డ పెట్టాను. తీశాడు, నేరుగా వెళ్ళి వంటాయనకిచ్చాడు, హెల్మెట్ పెట్టుకుని పనిలోకి పోయాడు. తిట్టు కూడా లేదు. కొంటె పని చేసేవాడికి అంతకంటే అవమానం ఉండదు.

అలాంటి మనిషినీ నన్నూ కలిపి కంపెనీ ఒక వేసవిలో జర్మనీ పంపింది. రేకులు వంచే కొత్త మిషను కొన్నారు, దాన్ని నడపడం నేర్చుకుని రావాలి. పెద్ద పట్నం అనుకుని నేను కొత్త జోళ్ళు కొన్నాను. తీరా చూస్తే చిన్న ఊరు. గుట్ట మీద బుల్లి కోట, దాని కింద ఎర్ర పెంకుల ఇళ్ళు, చుట్టూ అడివి. ఆదివారం దుకాణాలన్నీ మూత. గదిలో కూర్చుని గోడలు చూసుకోవాలి. ఆయనే లేచి, "పదరా, అలా నడిచొద్దాం" అన్నాడు. వేలితో కాదు, నోటితో. నేను వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమో చూశాను.

అడివిలో కాలిబాటలు ఊడ్చినట్టు శుభ్రంగా ఉన్నాయి. సల్మాబాద్‌లో గోడ నీడ వదలకుండా నడిచే మనిషి అక్కడ వేసవిలోనూ చలికి వణుకుతూ, ఆకుల సందుల్లోంచి ఎండ పడ్డ చోటల్లా ఆగేవాడు. "ఎండ కోసం దేవులాడే రోజొకటి వస్తుందనుకోలేదురా" అన్నాడు.

కొంచెం దూరం పోయాక చెట్ల మీద ఎర్ర రంగు గుర్తులు కనిపించాయి. ఆయన మొహం మాడిపోయింది. మా షెడ్డులో ఇన్‌స్పెక్టర్ ఎర్ర రంగు పూశాడంటే ఆ ముక్క పనికిరాదని, తుక్కులో వేయాలని అర్థం. ఈయన ఆ చెట్టు చుట్టూ తిరిగి, పైపుని కొట్టి చూసినట్టు వేలి కణుపుతో కొట్టి చూశాడు.

"ఇంత నిటారుగా ఉన్నదాన్ని రిజెక్ట్ చేశారేంట్రా? దీనికేం తక్కువైంది?"

"వెల్డింగ్ కచ్చగున్నదేమో అన్నా" అన్నాను.

"నోర్ముయ్. పాపం రా, కొట్టేస్తారు."

కొట్టేసే చెట్ల మధ్య నడవడం ఆయనకి మనసొప్పలేదు. గుర్తులేని చెట్లున్న వైపు తీసుకెళ్ళాడు. అదే మంచి మాల్ అట. పోయి పోయి దారి తప్పాం. బాట సన్నబడి చివరికి మాయమైంది. భయంతో మాట్లాడటం మొదలుపెట్టాడో, అడివి చూసి మొదలుపెట్టాడో నాకు అంతుబట్టలేదు. వాళ్ళ నాన్న పడవ నడిపిన సంగతి, చిన్నప్పుడు ఏటిలో జారిన సంగతి, గెల చూసి అరటి రకం చెప్పడం ఎలాగో, ఒకటే ధార. నాకు మధ్యలో మాట్లాడే సందు దొరకలేదు. నాకే!

నేను ఊరుకుంటానా? మెల్లగా వెనకపడి, చెట్టు చాటు నుంచి అడివిపందిలా గుర్రుమన్నాను. మా ఫోర్‌మన్ పేర్చి ఉన్న దుంగల మీదికి ఒక్క గెంతు గెంతాడు. నన్ను చూశాడు. తిడతాడనుకున్నా. నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు, దుంగ మీద కూలబడి నవ్వాడు. ఆ నవ్వు ఆయన గొంతులా లేదు. నాకు ఒక్క క్షణం భయమేసింది.

చివరికి తిరిగి తిరిగి మళ్ళీ ఎర్ర గుర్తుల చెట్ల దగ్గరే తేలితే, అక్కడ రెండు చేతి కర్రలతో నడిచే ఒక ముసలావిడ కనపడింది. భాష రాదు. ఈయన చెట్టు మీది ఎర్ర గుర్తు చూపించి, గొడ్డలితో నరికినట్టు సైగ చేశాడు. ఆవిడ ముందు హడలిపోయింది, తర్వాత పకపకా నవ్వింది. గుర్తు చూపించింది, తన కాళ్ళు చూపించింది, పైన కోట చూపించింది. దాన్ని పట్టుకుని నడవాలట, అంతే. ఈయన టోపీ తీసి, "ఇన్నాళ్ళూ ఎర్ర గుర్తంటే తీసి పారెయ్యమనే అనుకున్నాన్రా. ఇక్కడేమో రమ్మనట" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నడిచాం. ప్రతి ఆదివారం మాట్లాడాడు. బహ్రెయిన్‌లో విమానం దిగి వేడిగాలి మొహాన కొట్టగానే నోరు మూతపడింది. మర్నాడు షెడ్డులో మళ్ళీ వేళ్ళే.

ఒకనాడు ఉండబట్టలేక అడిగాను. "అన్నా, అడివిల గంత ముచ్చట పెడితివి. ఈడేమైంది?"

"ఇక్కడ మీరంతా నా కింద పనిచేసేవోళ్ళు. నవ్వితే పని నడవదురా."

"మరి ఇంటికాడ?"

టీ ఊదుకున్నాడు. "ఇంటికెళ్తే నేను నెలరోజుల చుట్టాన్ని. నా కోసం కొత్త దుప్పటి తీస్తారు. చుట్టం ఎక్కువ మాట్లాడకూడదు."

ఇదీ నా దగ్గరున్న జవాబు. దీన్ని వదినెకెలా చెప్పేది? నవ్వాడని చెబితే, నీతో నవ్వాడు గానీ మాతో నవ్వలేదా అంటుంది. లేదంటే అబద్ధం. దుప్పటి మాట చెబితే ఆ దుప్పటి తీసింది ఆవిడే. పాస్టరుగారి మనిషి ఒకడు, వదినె మనిషి ఒకడు, నా మనిషి ఒకడు. ఒకే పెట్టెలో ముగ్గురిని పంపామా అనిపించింది.

మర్నాడు పని అయ్యాక షెడ్డు బయట నిలబడి ఫోన్ చేశాను.

"వదినె, నవ్విండు. నేను పరాచికం ఆడ్తలేను. జర్మనీ అడివిల నవ్విండు."

 "ఆ అడివి ఎలా ఉంటదో చెప్పు" అంది.

చెప్పాను. ఊరు దాటగానే చిన్న వాగు, దాని మీద చెక్క వంతెన. ఆవిడ "ఊఁ" అంది. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టినట్టు. తర్వాత ఏటవాలు మొదలైతది. "ఊఁ." నున్నటి బోదెల చెట్లు. "ఊఁ." ఎక్కుతుంటే మధ్యల బెంచీలు వస్తయి వదినె. అన్న ప్రతి బెంచీ మీద కూసుని చూసెటోడు. ఇది ఎత్తెక్కువ, దీనికి ఆనుకునే చెక్క లేదు, మీ వదిన మోకాళ్ళకి ఇది పనికిరాదు అనెటోడు. మలుపు కాడ ఒకటి నచ్చింది. ఇక్కడ కూర్చోబెడతానురా అన్నడు.

ఊఁ రాలేదు.  

"అక్కడ్నించి ఏం కనపడుద్ది తమ్ముడూ?"

"కోట కనబడ్తది. కింద ఊరు, పొగ గొట్టాలు."

"కాసేపు ఆగు. ఎక్కొచ్చాను కదా, మోకాళ్ళు పట్టేశాయి. కూర్చోనీ."

క్యాంపుకి వెళ్ళే బస్సు వచ్చి హారన్ కొట్టింది. డ్రైవర్ భాయ్ కిటికీలోంచి చెయ్యి ఊపుతూ యల్లా, యల్లా అని అరుస్తున్నాడు. పొమ్మని చెయ్యి ఊపాను. దుమ్ము లేపుకుంటూ బస్సు వెళ్ళిపోయింది. ఎండలో ఫోన్ చెవికి ఆనించుకుని, ఆవిడ లేచేదాకా అలాగే నిలబడ్డాను.