కుడిపక్క లేని విమానం

2005 వేసవిలో ఫిల్మ్ నగర్‌లో కొత్తగా పెట్టిన ఒక విమానయాన శిక్షణ సంస్థలో చీఫ్ ఇన్‌స్ట్రక్టరుగా చేరాను. అప్పటికి ఒక విమాన సంస్థ క్యాబిన్ సేఫ్టీ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని, ఇంట్లో కూర్చుని మా ఆవిడ చేత చీవాట్లు తింటున్నాను. క్యాబిన్ సేఫ్టీ అంటే ఎయిర్‌హోస్టెస్‌లకు కాఫీ పొయ్యడం నేర్పే శాఖ అని మా బంధువులందరి నమ్మకం. నిజానికి మా పనిలో కాఫీ చిట్టచివరి అంశం. ప్రమాదం వస్తే తొంభై సెకన్లలో విమానం ఖాళీ చేయించడం మొదటిది. ఈ ముక్క ఎన్ని పెళ్లిళ్లలో చెప్పినా ఒక్కడూ వినలేదు.

హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. కొత్త విమాన సంస్థలు పుట్టుకొస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు పొద్దున బెంగళూరు వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చి భోంచేస్తున్నారు. విమానాలు కొనడానికి అప్పులు దొరుకుతున్నాయి గానీ వాటిలో పనిచేసే మనుషులే దొరకడం లేదు. ఈ సంగతి మా యజమాని విశ్వేశ్వరరావుగారి చెవిన పడింది. ఆయన సినిమా నిర్మాత. వరసగా మూడు సినిమాలు పోయి, ఆయన షూటింగ్ ఫ్లోరు ఖాళీగా పడి ఉంది.

"హీరోల డేట్ల కోసం మనం తిరిగి తిరిగి చెప్పులరిగిపోయాయి మూర్తిగారూ! ఇందులో అయితే విమానాలవాళ్లే మన చుట్టూ తిరుగుతారండీ" అన్నారాయన. ఆ ఉత్సాహం చూసి నేనూ పడిపోయాను.

శిక్షణకు ముందుగా కావలసింది మాకప్. అంటే విమానం లోపలి భాగానికి అచ్చు నమూనా: సీట్లు, పైన సామాను అరలు, మధ్యలో నడవా, తలుపులు. విదేశాల నుంచి తెప్పించుకోవచ్చు. మా నిర్మాతగారు మాత్రం తన సెట్ మేస్త్రి యాదగిరిని పిలిపించారు. మోతీనగర్‌లో ఉండే యాదగిరి అప్పటికే ఎన్నో కోటలూ, కోర్టులూ కట్టి కూల్చినవాడు. నేను కొలతలతో గీసిచ్చిన డ్రాయింగును చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, "ఫికర్ చెయ్యకుండ్రి సార్, ఎక్కినోడు మళ్ల దిగనంటడు" అన్నాడు.

ప్రారంభోత్సవం నాడు కొబ్బరికాయ కొట్టి, గుమ్మడికాయ పగలగొట్టి లోపలికి అడుగుపెట్టాను. ఎడమపక్క అద్భుతంగా ఉంది. వరసకు మూడేసి సీట్లు, గుండ్రటి కిటికీలు, కిటికీల అవతల మబ్బులు కూడా వేశాడు. కుడిపక్కకు తిరిగాను. ఏమీ లేదు! నడవా అంచుతో విమానం అయిపోయింది. అవతల సిమెంటు నేల, కెమెరా బండి నడిచే పట్టాలు, ఒక పెడస్టల్ ఫ్యాను.

"కుడిపక్క ఏదయ్యా?" అని అరిచాను.

"గాడ గోడ కడ్తే కెమెరా యాడ పెడ్తరు సార్?" అన్నాడు యాదగిరి, నాకే ఏమీ తెలియనట్టు.

"కెమెరా ఎందుకొస్తుందయ్యా ఇక్కడికి!"

"ఎప్పుడో ఒకప్పుడు రాదా సార్? ఈ ఫ్లోరుకు రానిదెప్పుడు?"

నిర్మాతగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన టీ తెప్పించి, కుడిపక్క కూడా అచ్చం ఎడమపక్కలాగే ఉంటుంది కనుక ఒకటి చూస్తే రెండోది తెలిసిపోతుందనీ, రెండో బ్యాచ్ ఫీజులు రాగానే అదీ కట్టిద్దామనీ నచ్చజెప్పారు. ఆదివారాలు సెట్టును షూటింగులకు అద్దెకిచ్చే ఆలోచన ఉందని ఆ తర్వాత తెలిసింది. నాకు ఒళ్లు మండిపోయింది. రాజీనామా చేస్తున్నానని ఇంటికెళ్లి చెప్పాను. మా ఆవిడ కూరగాయల సంచీ నా చేతికిచ్చింది. మర్నాడు డ్యూటీకి వెళ్లాను.

మొదటి బ్యాచ్‌లో పన్నెండు మంది అమ్మాయిలు. బోర్డు మీద విమానం మొత్తం గీసి, రెండు పక్కలా తలుపులు చూపించి, గొంతు పోయేలా పాఠం చెప్పేవాణ్ణి. ఆ తర్వాత సగం విమానంలో సాధన. ట్రాలీ ఎదురొస్తే అమ్మాయిలు కుడిపక్కకు ఒక అడుగు వేసి, ముప్ఫై వేల అడుగుల ఎత్తున విమానంలోంచి బయటికి దిగి, ట్రాలీ పోయాక మళ్లీ ఎక్కేవాళ్లు. పైగా సిమెంటు నేల మీద కుర్చీలు వేయించుకుని నిర్మాతగారు, ఆయన స్నేహితులు రోజూ చూసేవారు. వాళ్లకు వీపు చూపించకూడదని ఆయన ఆజ్ఞ. అందుచేత ఎడమపక్క వాళ్లకు భోజనం పెట్టడం, కుడిపక్కకు తిరిగి నవ్వడం, ఇదే అలవాటైంది.

వాళ్లలో మమత అనే అమ్మాయిది రహమత్ నగర్. అమీర్‌పేటలో చీరల దుకాణంలో పని మానేసి వచ్చింది. గొంతు పెద్దది, నోరు ఇంకా పెద్దది. ఒక కొత్త విమాన సంస్థ సెలక్షన్ పెడుతోందని తెలిసిన రోజున నిర్మాతగారు అందరినీ పిలిచి, ఒక్కళ్లయినా ఎంపికైతేనే సంస్థ నడుస్తుంది, లేదంటే ఫ్లోరును టీవీ సీరియల్ వాళ్లకు ఇచ్చేస్తానన్నారు. అమ్మాయిల ముఖాలు వాడిపోయాయి. మూతబడిన సంస్థ సర్టిఫికెట్టును ఎవరు చూస్తారు? "సీరియలోళ్లు వస్తే నేను మళ్ల చీరలు మడతబెట్టుడే సార్" అంది మమత. ఆ మాట నాకు గుచ్చుకుంది.

పరీక్ష బేగంపేట విమానాశ్రయంలో, ఆపి ఉంచిన నిజం విమానంలో జరిగింది. సిబ్బందే ప్రయాణికులుగా కూర్చున్నారు. పరీక్షాధికారి ముంబయి నుంచి వచ్చిన ఒక సీనియర్ మేడమ్; చేతిలో స్టాప్‌వాచి, ముఖంలో నవ్వు అనే పదార్థం లేదు. మా నిర్మాతగారు బతిమాలి లోపలికొచ్చి, కుడిపక్క సీట్లో దర్జాగా కూర్చున్నారు.

ముందు భోజనం వడ్డించే పరీక్ష. మొదటి అమ్మాయి ఎడమపక్క వాళ్లందరికీ చక్కగా ట్రేలు ఇచ్చింది. కుడిపక్క వాళ్లందరికీ చక్కగా నవ్వి నమస్కారం పెట్టింది. రెండో అమ్మాయీ అంతే. "నాకేదమ్మా?" అని నిర్మాతగారు అడిగితే మూడో అమ్మాయి ఇంకాస్త ఎక్కువగా నవ్వింది. నాలుగో అమ్మాయి ట్రాలీ ఎదురురాగానే అలవాటుగా విమానం దిగబోయి, ఒక లావుపాటి ఇంజినీరుగారి ఒళ్లో కూలబడింది. మేడమ్ పెన్ను మూత పెట్టేశారు. అయిపోయాం రా దేవుడా అనుకున్నాను. నిర్మాతగారు అప్పటికే ఫోన్లో ఎవరితోనో సీరియల్ సంగతి గుసగుసలాడుతున్నారు.

మిగిలింది అత్యవసర పరీక్ష. మేడమ్ దీపాలు ఆర్పించి, కుడి ఇంజనుకు మంటలని ప్రకటించారు. అంటే కుడిపక్క తలుపు తెరవకూడదు, అందరినీ ఎడమ తలుపు మెట్ల మీదుగా దించాలి. కంగారులో చేయి దగ్గరున్న తలుపు మీదికి పోతుంది. పొద్దున మిగతా సంస్థల పిల్లలు చాలామంది అక్కడే తప్పారట.

మమత లేచింది. "లేవుండ్రి! సామాన్లు ఇడ్సుండ్రి! ఇటు, ఇటు!" అని ఆ గొంతుతో అరిచేసరికి, ఇంగ్లీషులో చెప్పాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మా అమ్మాయిలు కుడిపక్కకు కన్నెత్తి కూడా చూడలేదు. జనాన్ని ఎడమ తలుపుకేసి తోసేశారు. అందరికంటే ముందు దిగి పరుగెత్తింది మా నిర్మాతగారే. ఫోను సీట్లోనే వదిలేశారు. మేడమ్‌ను కూడా మమత భుజం పట్టుకుని దింపేసింది. కింద నిలబడి ఆవిడ స్టాప్‌వాచి రెండుసార్లు చూసుకున్నారు. కుడిపక్కకు ఎందుకు చూడలేదని ఇంగ్లీషులో అడిగారు. మంటలున్న దిక్కు చూసి ఏం చేస్తామన్నట్టు మమత జవాబిచ్చింది. ఆవిడ మొదటిసారి తలూపారు. నలుగురు ఎంపికయ్యారు, మమత పేరు ముందు.

ఆనందం పట్టలేక మమతను పక్కకు పిలిచి, నిజం చెప్పమన్నాను.

"నిజమంటే సార్, గా పక్క తలుపు ఉంటదని బోర్డు మీద చూసినం గాని, కాళ్లకు తెల్వదు."

ఆ మధ్య ఢిల్లీ వెళ్తూ విమానంలో కుడిపక్క కిటికీ దగ్గర కూర్చున్నాను. ట్రాలీ తోసుకుంటూ వచ్చింది మమత. ఇప్పుడు ఆ విమానంలో క్యాబిన్ సిబ్బందికి పెద్ద. నన్ను చూసింది. ఎడమపక్క ముగ్గురికీ కాఫీ ఇచ్చింది. నావైపు తిరిగి, చేతులు జోడించి, నిండుగా నవ్వి ముందుకు వెళ్లిపోయింది. రెండు వరసలు పోయాక వెనక్కొచ్చి, నా చేతిలో కప్పు పెడుతూ, "మీ పక్క ఇంకా కట్టలే సార్. యాదగిరన్న పని మీదున్నడు" అంది.

ఈ వృత్తిలోకి పెట్టుబడి తెచ్చేవారికి నేను చెప్పగలిగింది ఒకటే. బోర్డు మీద చెప్పింది పరీక్ష దాకా ఉంటుంది, కాళ్లు నేర్చుకున్నది ఉద్యోగమంతా ఉంటుంది. కనుక రెండు పక్కలా కట్టించండి. మంటలు ప్రతిసారీ కుడి ఇంజనుకే రావు.