ఎడారిలో సర్పంచి ఎన్నిక

శుక్రవారం పొద్దున ఏడింటికి ఈ ఎడారి దేశంలో మేముండే ఉమ్ ఘువైలినా పేట నుంచి కారులో బయలుదేరాం. మా ఆయన ఇంజనీరుగా ఉన్న కంపెనీ క్యాంప్ ఉత్తరాన, అల్ ఖోర్ పట్నం దాటాక ఉంది. కరీంనగర్ జిల్లాలోని ఒక శివారు పల్లె మగవాళ్ళంతా అక్కడే పని చేస్తున్నారు. ఆ పల్లెను పెద్ద ఊరి నుంచి విడదీసి సొంత పంచాయతీ చేస్తారని కబురు వచ్చింది. ఉత్తర్వు సంగతి తేలనే లేదు, సర్పంచిని మాత్రం వీళ్ళు ఇక్కడే ఎన్నుకుంటారట! తగవు తీర్చడానికి చదువుకున్న పెద్దమనిషి కావాలన్నారు. మా ఆయనకు నోరు లేదు కనుక నన్ను పిలిచారు.

ఎనిమిదింటికి ఖోర్‌లో మలయాళీ హోటల్లో పరోటా, టీ. ఆ తర్వాత మేకలు తప్ప చూడదగింది ఏమీ లేదు.

క్యాంప్‌లో అప్పటికే సభ తీరింది. ఇసుకలో పుల్లతో వార్డులు గీసి పెట్టారు. పోటీదారులు ఇద్దరు: తాపీమేస్త్రీ లచ్చన్న, అతని బామ్మర్ది గంగారాం.

"ఎనిమిదేండ్ల సంది ఊరికి పైసలు పంపుతున్న మేడం. నేనే సర్పంచిని," అన్నాడు లచ్చన్న.

"పైసలు పంపినవ్ గని మొగం సూపెట్టినవా బావా?"

"నువ్వు సూపెట్టినవారా? యల్లా, కూసో!"

"ఇప్పుడు ఊళ్ళో ఎవరున్నారు?" అని అడిగాను.

"ఎవ్వలు లేరు మేడం. ఆడోళ్ళే."

"మరి వాళ్ళు ఎవరిని కోరుకుంటున్నారు?"

నేనేదో అరబ్బీ మాట్లాడినట్టు చూశారు. ఆడవాళ్ళనూ అడగమని గంటసేపు వాదించాను. గంగారాం తప్పుకోగా లచ్చన్న ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. కోడికూర వడ్డిస్తూ, ఇక వీసా క్యాన్సిల్ చేయించుకుని ఇంటికి పోతానన్నాడు. సర్పంచిగా కాకుండా ఉత్త లచ్చన్నగా పోతే ఊళ్ళో ఏం చెయ్యాలో అతనికి తెలియదు.

రెండింటికి తిరుగు ప్రయాణం. ఇంటికి ఫోను చెయ్యాలని బావాబామ్మర్దులు ఖోర్ దాకా మా కారెక్కారు. లచ్చన్న భార్య పెద్ద ఊరి ఎస్‌టీడీ బూత్‌లో కాచుకుని ఉంది. ఆమె గొంతు ఇక్కడ ఖోర్‌లో ఫోను బూత్ బయట నిలబడ్డ నాకూ వినబడింది.

"పంచాయతీ అయింది. ఆఫీసరు అచ్చి ఊర్ల ఉన్నోళ్ళనే రాసుకున్నడు. మీరు లేకున్నా లెక్క సరిపోయింది."

"మంచిదే. సర్పంచి నేనే. ఈడ అందరు ఒప్పుకున్నరు."

"సీటు ఆడోళ్ళకచ్చింది. నన్ను నిలవెడుతున్నరు. ఈడ అందరం ఒప్పుకున్నం."

"నన్నడగకుంటనా?"

"నువ్వు ఊర్ల లేవని నేనే రాయించిన. లేనోన్ని ఏమడగాలె?"

గంగారాం పకపకా నవ్వాడు. "బావా, ఇగ మా అక్కకు దండం పెట్టు!"

లచ్చన్న ఫోను పెట్టేసి మా ఆయన్ని అడిగాడు. "సార్, మన క్యాంప్ ఏ ఊరి లెక్కల ఉంటది?"

"ఏ ఊరి లెక్కలోనూ ఉండదు. అది తాత్కాలికం."

"ఎనిమిదేండ్ల సంది తాత్కాలికమేనా సార్?"

మా ఆయన అలవాటుగా నావైపు చూశాడు.

"ఇంటికి వెళ్ళు లచ్చన్నా, సర్పంచిగారి మొగుడిగా," అన్నాను.

"ఆ పోస్టుకు వీసా ఇస్తరా మేడం?" అని, జవాబు కోసం ఆగకుండా క్యాంప్ వైపు పోయే పికప్ ఎక్కేశాడు.

నాలుగింటికి ఇల్లు చేరాం. అటు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, ఊరి బోర్డు కోసం వెతక్కండి. తీగల నిండా డ్యూటీ బట్టలు ఆరేసి కనిపిస్తే ఆగండి. కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లె మగ జనాభా అంతా అక్కడే ఉంది, ఏ దేశపు లెక్కలోనూ లేకుండా.