ఖాదర్ వలీ సారు కట్టుకున్న కారు

మా వీధి మలుపులో కొత్తగా ఒక మెకానిక్ షెడ్డు వెలిసింది. పొద్దున్నే పాలకోసం వెళ్లేటప్పుడు చూస్తాను, అక్కడి మనిషి రేకు పళ్లెంలో కిరోసిన్ పోసుకుని నట్లూ బోల్టులూ బ్రష్షుతో తోముతుంటాడు. ఆ వాసనకు జనం ముఖం తిప్పుకుని పోతారు. నేను మాత్రం కాస్త నెమ్మదిస్తాను. కిరోసినూ తుప్పూ కలిసిన ఆ వాసనతో కదిరిలోని ఒక నాపరాళ్ల వాకిలి, అక్కడ గోనెపట్ట మీద కూర్చుని తన కారును తానే కట్టుకున్న ఖాదర్ వలీ సారు గుర్తుకొస్తారు. మీలో ఎవరూ ఆయన్ను చూసి ఉండరు. కదిరి దాటితే ఆయన పేరు తెలిసినవాళ్లే తక్కువ.

అరవైల మొదట్లో కదిరి ఆడపిల్లల బడిలో నాకు మొదటి ఉద్యోగం. పెళ్లికాని పిల్ల ఒంటరిగా ఉండడానికి మా నాయన ఒప్పుకోవడమే గగనమైంది. సారు ఇంట్లో ముందుగది అద్దెకు దొరికి, ఆయన భార్య హసీనక్కతో మాట్లాడాక గానీ నాయన మనసు కుదుటపడలేదు. సారు హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. పసితనంలో వచ్చిన జ్వరానికి ఆయన కాళ్లు రెండూ సన్నబడిపోయాయి. చదువుకున్నన్నాళ్లూ వాళ్లన్న వీపు మీద మోసుకుపోయి బడిలో దించేవాడట. నేను చూసేనాటికి చంకకర్రలతో నడిచేవారు, బడికి జట్కాలో పోయేవారు. భుజాలు మాత్రం పహిల్వాను భుజాలు.

ఆ వేసవి సెలవులకు ముందు ఆయనకు బదిలీ అయింది. కొత్త బడి ఉన్న ఊరికి బస్సు లేదు. ఎద్దులబండ్ల బాట, మధ్యలో ఇసుక నిండిన వంక, అంటే చిన్న వాగు. రోజూ అంతదూరం జట్కా గుర్రం లాగలేదు. పోనీ ఆ ఊళ్లోనే కాపురం పెడదామంటే, వానల్లేక అక్కడి బావులెండి జనమే నీళ్లకు అల్లాడుతున్నారు. తోటి టీచర్లంతా అర్జీ పెట్టుకోమన్నారు. కాళ్లు చూసి ఎవరైనా రద్దు చేస్తారన్నారు. నేనూ అదే మాట అన్నాను.

"అందరికీ వచ్చినట్లే నాకూ వచ్చిందమ్మా బదిలీ," అన్నారు సారు. "అందరూ పోయినట్లే పోతా. జాలితో ఇచ్చింది తీసుకుంటే మళ్లీ ఎవరి వీపో ఎక్కినట్లే."

చేరకపోతే ఉద్యోగం పోతుంది. వాళ్లకు వేరే ఆధారం లేదు. అయినా హసీనక్క కూడా అర్జీ పెట్టమనలేదు.

బెంగుళూరులో సారు పాత స్నేహితుడొకడు గ్యారేజీ మూసేస్తూ, విప్పి పడేసిన చిన్న కారు ఒకటి తీసుకోమన్నాడు. అది గూడ్సు రైల్లో వచ్చింది, చెక్కపెట్టెల్లోనూ గోనెసంచుల్లోనూ. ఎద్దులబండి మీద తెచ్చి వాకిట్లో దించారు. పైకప్పు లేదు, తలుపులు లేవు, సీట్లు లేవు. అడుగున ఉండే ఇనుప చట్రం, ఇంజను, చక్రాలు, ఇంకా పేర్లు తెలియని సామాను బోలెడు.

"ఇది కారా, పాత ఇనుము అంగడా?" అంది హసీనక్క.

"ఇప్పటికి అంగడే. బళ్లు తెరిచే పొద్దుకు కారయితాది."

వెంటనే సుత్తీ స్పానరూ అందుకుంటారనుకున్నాను. సారు సుద్దముక్క అందుకున్నారు. నేల మీద పాకుతూ, కారు ఎంత ఉంటుందో అంత బొమ్మ నాపరాళ్ల మీద గీశారు. చక్రాలు ఎక్కడ, ఇంజను ఎక్కడ, తను కూర్చునేది ఎక్కడ, అన్నీ గీశాక వెనక్కి వాలి చూసుకున్నారు. హసీనక్క చేట పట్టుకుని వచ్చి బొమ్మ చుట్టూ తిరిగింది.

"ఒగటే సీటు గీసినావే. నేను యాడ కూచోవాల?"

సారు సుద్దముక్క కింద పెట్టారు. "నువ్వూ వస్తావా?" అన్నారు మెల్లగా.

"రాకుండా?"

ఆయన తడిగుడ్డతో మధ్యలో ఉన్న సీటును తుడిచేసి, పక్కపక్కన రెండు గీశారు. హసీనక్క చేట పక్కన పెట్టి ఆ గీతల్లో కూర్చుంది. కొంగు సర్దుకుని, ఊరికి పోతున్నట్లు ఎదురుగా చూసింది. వాళ్లిద్దరి ముఖాలూ చూసి నేను లోపలికి వెళ్లిపోయాను.

సెలవులన్నీ మా ఊళ్లో గడపవలసినదాన్ని, వారం ఉండి తిరిగి వచ్చేశాను. పళ్లెంలో కిరోసిన్ పోసి ఒక్కొక్క ముక్కా కడగడం నా పని. కడిగినదాన్ని బొమ్మలో దాని చోట పెట్టేవాళ్లం. అట్లా కారు మొదట నేల మీద పరుచుకుంది, తర్వాత మెల్లగా లేచింది.

ఒకరోజు సారు చట్రం కింద పడుకుని బోల్టు బిగించి, బయటికి రాబోయి ఇరుక్కున్నారు. మోచేతుల మీద దేక్కుంటూ అవస్థ పడుతుంటే నేను పరుగెత్తి చంకల కింద చేతులు వేసి లాగాను. ఆయన కోప్పడలేదు. చేతులు తుడుచుకుంటూ, "పిలిస్తే రామ్మా," అన్నారు. "పిలవకముందే వస్తే, నాకు చేతనయ్యేదేదో నాకే తెలీకుండా పోతాది."

హసీనక్క అంతసేపూ అరుగు మీద కూర్చుని కొర్రలు చెరుగుతూనే ఉంది, తలెత్తలేదు. ఇంత రాతిగుండె ఏమిటా అనుకున్నాను. సాయంత్రం చెప్పింది. "నాకు మాత్రం ప్రాణం ఆగుతాదా మ్మే? అందుకే చేతుల్లో చేట పెట్టుకుంటా."

ఇంజను బిగించాక అసలు చిక్కు వచ్చింది. క్లచ్చు, బ్రేకు కాళ్లతో తొక్కేవి. వాటికి బదులు చేత్తో లాగే కడ్డీలు పెట్టాలి. ఎంత లాగితే ఎంత కదలాలో ఆయనకు తెలియాలి.

"నీ కాళ్లు రవ్వంతసేపు అప్పియ్యమ్మా," అన్నారు.

నేను సీటు చెక్క మీద కూర్చుని తొక్కాను. ఆయన కింద కూర్చుని, పెడలుకు దారం కట్టి, అది ఎంత దూరం పోతోందో కొలిచారు.

"ఎంత బరువుండాది?"

ఏమని చెప్పాలో తెలియలేదు. "బావిలోంచి నిండు బిందె చేదినట్లు ఉంది సారూ."

"అయితే నా చేతికి లెక్కలేదు!" అని పకపకా నవ్వారు. ఆయన గీసిచ్చిన కొలతలకు కమ్మరి నాగన్న కడ్డీలు వంచి ఇచ్చాడు. పైభాగం బండ్లు చేసే వడ్రంగి చెక్కతో కట్టాడు. హసీనక్క కొబ్బరిపీచు కూరి సీట్లు కుట్టింది.

ఇంజను మాత్రం చాలా రోజులు మొండికేసింది. హ్యాండిల్ తిప్పి తిప్పి నాగన్న చేతులు బొబ్బలెక్కాయి. బళ్లు తెరిచే రోజు దగ్గరపడింది. సారు అన్నం సరిగ్గా తినడం మానేశారు. ఒక మధ్యాహ్నం, ఏం సరిచేశారో నాకు తెలియదు, అది దగ్గింది, మళ్లీ దగ్గింది, ఆపైన వాకిలంతా పొగతో నింపుతూ మోగింది. హసీనక్క రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చింది. సారు ఇంజను మీద అరచెయ్యి ఆనించి అట్లాగే ఉండిపోయారు.

బడికి పోయే మొదటిరోజు ముందుసీట్లలో వాళ్లిద్దరూ, వెనక చెక్క మీద, మా బడికి ఆ ఒక్కరోజు సెలవు పెట్టి నేనూ. పల్లెబాటలో మేకలు చెదిరిపోయాయి. వంక దగ్గర చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. గొర్రెలు మేపుకునేవాళ్లు నలుగురు పరుగెత్తుకొచ్చి, "దిగొద్దు సామీ, కూచోండు," అంటూ కారును మనుషులతో సహా ఎత్తి గట్టున పెట్టారు. ఎవరూ మోయకూడదని కదా ఆయన ఇంత చేసింది! భయపడుతూ ఆయన ముఖం చూశాను. ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

"చూసినావా హసీనా! ఇన్నాళ్లూ నన్ను మోసినారు. ఇప్పుడు నా కారును మోస్తాండారు!"

బడి గంటకు ముందే చేరాం. ఆ కారు ఆయన్ను కొన్నేళ్లపాటు ఆ ఊరికి తిప్పింది. వంక పారిన రోజుల్లో, చెడిపోయిన రోజుల్లో తిప్పలేదు కూడా. నాకు పెళ్లయి కదిరి వదిలాను. సారు పోయిన సంగతి ఆలస్యంగా తెలిసింది. వెళ్తే హసీనక్క నన్ను పట్టుకుని కారు సంగతే మాట్లాడింది, ఆయన మాట ఎత్తలేదు.

నా ఉద్యోగమంతా ఆయన నేర్పిన ఓపికతోనే నడిచింది. లెక్క రాక పలక మీద తంటాలు పడే పిల్ల దగ్గర నిలబడి, బలపం లాక్కోకుండా ఉండడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. ఇప్పుడు అంతకన్నా కష్టమైంది వచ్చింది. పోయిన ఏడాది మావారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి స్వాధీనం తప్పింది. రోజూ స్నానం చేసి వచ్చి ఎడమచేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటారు. ఒక్కో గుండీ జారిపోతుంది, మళ్లీ పట్టుకుంటారు, మళ్లీ జారిపోతుంది. కాఫీ చల్లారిపోతుంది. ఎదురుగా కుర్చీలో నేను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ముడేసుకుని కూర్చుంటాను. ఆయన ఇంకా నన్ను పిలవలేదు.